గిటారు మెట్లు – ఇంట కట్టిన యంత్రము

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేయు శిల్పులు పనసకొయ్యను మలచి, దండిపై మైనపుముద్దను పరచి, దానిమీద ఇరువదినాలుగు లోహపు మెట్లను నిలుపుదురు. ఏ మెట్టు ఎచ్చట ఉండవలెనో నిర్ణయించునది చెవి. తీగ మీటి, విని, మెట్టును వెంట్రుకవాసి ఇటో అటో జరుపుదురు. మైనము మెత్తనిది గనుక ఎన్నిసార్లు జరిపినను నష్టము లేదు. కొన్నేండ్లకు స్వరము తప్పినచో మరల మేళము కట్టించుకొనవచ్చును.

గిటారునకు ఈ వెసులుబాటు లేదు. దాని మెట్లను కొయ్యపలకపై సన్నని గాట్లు కోసి, వానిలో దిగగొట్టుదురు. గాటు తప్పినచో ఆ పలక పొయ్యిలోనికే. అందుచే గిటారు చేయువాడు చెవికంటె ముందు లెక్కను నమ్ముకొనవలెను. ఆ లెక్కను నేరుగా కొయ్యపైకి దింపుటకు ఇటీవలి సంవత్సరములలో అమెరికా, ఐరోపా దేశములలో పెక్కుమంది ఔత్సాహికులు తమ ఇండ్లలోనే సి.ఎన్.సి. యంత్రములను కట్టుకొని ఎలక్ట్రిక్ గిటారు భాగములను చేసికొనుచున్నారు. ఇంటిలో, సామాన్యపు సామగ్రితో కట్టిన యంత్రమునకు సంగీతమునకు కావలసినంత సూక్ష్మత ఉండునా? దీనికి జవాబు విచిత్రముగా ఉండును. ఎక్కడ భయపడుదుమో అక్కడ భయము లేదు. ఎక్కడ భయపడమో అక్కడ చిక్కు కలదు.

పలకయే వాద్యము

వీణకుగాని, సాధారణపు గిటారునకుగాని బోలుగా ఉండు బుర్ర కావలెను. ఒంటితీగ కదలించు గాలి బహు స్వల్పము. బుర్ర కూడ కంపించి ఆ నాదమును పెద్దదిగా వినిపించును. ఎలక్ట్రిక్ గిటారులో ఆ పని బుర్రది కాదు. ఉక్కుతీగల క్రింద అయస్కాంతములు, వాని చుట్టును వెంట్రుకంత సన్నని రాగితీగ చుట్టలు ఉండును. పైనున్న ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంతక్షేత్రము మారుచుండును. రాగిచుట్టలో అదే పౌనఃపున్యముగల స్వల్పవిద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణసూత్రమే ఇది. ఆ విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచి లౌడుస్పీకరునకు అందించును. బుర్ర అవసరము లేనపుడు తీగలను బిగబట్టి ఉంచుటకు ఒక మందపు పలక చాలును.

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేయు దుకాణము నడపిన లియో ఫెండర్ ఈ సంగతిని చక్కగా వాడుకొన్నాడు. 1950లో అతని కర్మాగారము వెలువరించిన గిటారు దేహము సుమారు 44 మిల్లీమీటర్ల మందముగల పలక. మెడను వేరుగా చేసి, దేహములో తొలిచిన గుంటలో కూర్చి, నాలుగు మరచీలలతో బిగించినారు. 1954 నాటి స్ట్రాటోకాస్టర్ రకము కూడ ఇట్టిదే. మరలమీద చేయుటకు వీలుగా వాద్యమును ముక్కలుగా విడగొట్టిన పద్ధతి ఇది. నేటి ఇంటియంత్రములకు ఈ గిటారు ఇంతగా నప్పుటకు కారణమదియే.

అంకెలు వినెడి యంత్రము

సి.ఎన్.సి. అనగా అంకెల ఆజ్ఞలను కంప్యూటరు ద్వారా అందుకొని నడచు యంత్రమని అర్థము. హెలికాప్టరు రెక్కల ఆకృతిని లెక్కప్రకారము కోయవలసిన అవసరము నుండి ఈ ఆలోచన పుట్టినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతికసంస్థ వారు 1952లో, రంధ్రములు పొడిచిన కాగితపుపట్టీని చదివి తనంతట తాను లోహమును చెక్కు యంత్రమును ప్రదర్శించినారు. ఆనాడు దాని నియంత్రణభాగమే ఒక పెద్ద బీరువా. నేడు అరచేతిలో ఇముడు ఆర్డుయినో పలక ఆ పనిని చేయును. దానిలో వాడు జి.ఆర్.బి.ఎల్. అను ప్రోగ్రాము 2009 నుండి అందరకు ఉచితముగా లభించుచున్నది.

యంత్రపు నిర్మాణము చెప్పుటకు సులభము. బలమైన బల్ల, దానిపై ముందువెనుకలకు జరుగు అడ్డదూలము, దూలముపై ఎడమకుడులకు జరుగు బండి, బండిపై క్రిందుమీదులకు జరుగు కోతమోటారు. మూడు దిక్కులకును మరలు చెక్కిన పొడుగుపాటి కడ్డీలు, వానిని త్రిప్పు స్టెప్పర్ మోటారులు ఉండును. స్టెప్పర్ మోటారు సాధారణపు మోటారువలె గిర్రున తిరుగదు. ఒక్కొక్క విద్యుత్స్పందనకు ఒక్కొక్క అడుగు, అనగా 1.8 డిగ్రీలు మాత్రమే తిరుగును. ఒక చుట్టునకు 200 అడుగులు. కడ్డీ ఒక చుట్టు తిరిగినపుడు బండి 5 మి.మీ. జరుగుననుకొన్నచో, ఒక అడుగునకు 0.025 మి.మీ. జరుగును. ఇది మనము వాడు కాగితపు మందములో ఇంచుమించు నాలుగవ వంతు.

ఈ అంకెను చూచి మురియరాదు. ఎంత చిన్న అడుగు వేయగలదన్నది ఒకటి, వేసిన అడుగు సరియైన చోట పడినదా అన్నది మరియొకటి.

మెట్ల లెక్క

తీగ పొడవు సగమైనచో పౌనఃపున్యము రెట్టింపగును, షడ్జము తారషడ్జమగును. ఈ స్థాయిని గిటారులో పండ్రెండు సమాన అర్ధస్వరములుగా విభజింతురు. సమానమనగా దూరములు సమానమని కాదు, నిష్పత్తులు సమానమని. ఏ సంఖ్యను పండ్రెండుసార్లు వేసి గుణించిన 2 వచ్చునో ఆ సంఖ్య 1.05946. ప్రతి మెట్టువద్దను మిగిలిన తీగ పొడవు వెనుకటి మెట్టు పొడవును 1.05946తో భాగించగా వచ్చినది. ఫెండర్ గిటారులో తీగ పొడవు 25½ అంగుళములు, అనగా 647.7 మి.మీ. మెడ చివర తీగలు ఆనుకొను పట్టీనుండి కొలిచినచో మొదటి మెట్టు 36.35, రెండవది 70.66, ఐదవది 162.47, ఏడవది 215.41, పండ్రెండవది సరిగా సగము 323.85, ఇరువదిరెండవది 465.95 మి.మీ. దూరమున ఉండును. తక్కినవానిని విద్యార్థులే గణించుకొనవచ్చును. లాగరిథముల అభ్యాసమునకు ఇంతకంటె ఇంపైన లెక్క దొరకదు.

పూర్వము ఇంత లెక్క చేయువారు కారు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ ల్యూట్ అను తంత్రీవాద్యమున ప్రవీణుడు. అతడు 1581లో అచ్చయిన తన గ్రంథములో, మిగిలిన పొడవులో ప్రతిసారి పదునెనిమిదవ వంతు వదలి మెట్టు పెట్టవచ్చునన్నాడు. ఆ సూత్రమును పైగిటారునకు వర్తింపజేసినచో పండ్రెండవ మెట్టువద్ద 323.85కు బదులు 326.2 మి.మీ. తీగ మిగులును. తేడా 2.4 మిల్లీమీటర్లే. కాని స్వరము ఒక అర్ధస్వరములో ఎనిమిదవ వంతు తగ్గును. తీగను మెట్టుపైకి అదుముటలో అది కొంత సాగి స్వరము పెరుగును గనుక, ఆనాటివారికి ఈ లోటు కొంత పూడినది.

అర్ధస్వరములో నూరవ భాగమును సెంటు అందురు. మెట్టు స్థానములోని తప్పును అచ్చట మిగిలిన తీగ పొడవుతో భాగించి 1731తో గుణించినచో ఎన్ని సెంట్ల తప్పో వచ్చును. పండ్రెండవ మెట్టు 0.1 మి.మీ. తప్పినచో అర సెంటు. ఇరువదిరెండవది అంతే తప్పినచో ఒక సెంటు. అభ్యాసముగల చెవికి విడివిడి స్వరములలో సుమారు 5 సెంట్ల భేదము తెలియును. 440 పౌనఃపున్యముగల స్వరమును, దానికి 5 సెంట్లు పైనున్న స్వరమును కలిపి మ్రోగించినచో సెకండునకు ఒకటికి పైగా విస్పందనములు వినవచ్చును. ఇంటియంత్రము 0.1 మి.మీ. లోపల గాటు పెట్టగలిగినచో స్థానము విషయమున చెవికి ఫిర్యాదు ఉండదు.

హాని చేయు తప్పు, చేయని తప్పు

ఇచ్చట ఒక చమత్కారము కలదు. యంత్రమును 600 మి.మీ. పొమ్మన్నపుడు అది 598.8 మాత్రమే పోయినదనుకొందము. వేయింటికి రెండు వంతుల తప్పు. ఆ తప్పుతోనే మెట్లన్నియు కోసినచో పండ్రెండవ మెట్టు 0.65 మి.మీ. వెనుకబడును. గిటారు చెడినదా? చెడలేదు. ప్రతి దూరమును అదే పాలున తగ్గినది గనుక నిష్పత్తి మారలేదు. మనము చేసినది 647.7కు బదులు 646.4 మి.మీ. తీగగల గిటారు, అంతే. బ్రిడ్జిపై తీగలాను భాగములను ముందువెనుకలకు జరుపుకొను ఏర్పాటు ఎట్లును ఉండును. చెవి కొలుచునది నిష్పత్తినే గాని పొడవును కాదు.

హాని చేయునది ఒక్కొక్క మెట్టును ఒక్కొక్క తీరున తప్పించు దోషము. మరకడ్డీకిని దానిపై నడచు నట్టునకును నడుమ కొంచెము వదులు ఉండును. బజారులో దొరకు సామాన్యపు మరకడ్డీలతో కట్టిన యంత్రములలో ఇది ఎక్కువ. మోటారు దిక్కు మార్చినపుడు మొదటి కొన్ని అడుగులు ఈ వదులును పూడ్చుటకే సరిపోవును, బండి కదలదు. మెట్టు ఒకటి కుడినుండి, ఒకటి ఎడమనుండి సమీపించి కోసినచో రెండింటి నడుమ దూరము ఆ వదులంత తప్పును. స్ప్రింగుతో బిగించిన జంటనట్టు దీనికి మందు. ఖర్చులేని మందు కూడ ఒకటి కలదు: ప్రతి గాటును ఒకే దిక్కునుండి సమీపించునట్లు ఆజ్ఞలు వ్రాయుట. అపుడు వదులు ఎంత ఉన్నను అన్నింటను ఒక్కతీరుగానే ఉండును.

చేతితో కొలుచునపుడు మరియొక దోషము చేరును. ఒక మెట్టునుండి తరువాతి మెట్టును కొలుచుకొనుచు పోయి, ప్రతిసారి 0.1 మి.మీ. తక్కువ పెట్టినచో, పండ్రెండవ మెట్టువద్ద ఆ తప్పులన్నియు కూడి 1.2 మి.మీ., అనగా ఆరు సెంట్లకు పైబడును. యంత్రము ప్రతి దూరమును ఒకే మూలబిందువునుండి లెక్కించును గనుక తప్పులు కూడవు. బళ్లలో స్కేలు పట్టు పిల్లలకు కూడ ఈ సంగతి చెప్పదగినది.

చిక్కు గాటు వెడల్పులోనే

స్థానమున కొంత ఉదారత కలదు గాని గాటు వెడల్పున లేదు. మెట్టుగా వాడు లోహపుతీగ అడుగున సన్నని తోక ఉండును. దానికి చిన్న ముండ్లు. ఆ తోక దిగుటకు సుమారు 0.58 మి.మీ. గాటు కావలెను. అంతకు కొద్ది శతాంశములు పెరిగినచో మెట్టు వదులై కాలక్రమమున పైకి లేచును. తగ్గినచో ఇరువదిరెండు మేకులు దిగగొట్టినట్లై మెడయే వెనుకకు వంగును. కోతపుల్ల పట్టులో ఏమాత్రము వంకరగా కూర్చున్నను, తిరుగునపుడు గాటు ఆమేరకు వెడల్పగును. కొత్తవారు మరకడ్డీలకై డబ్బంతయు వ్యయించి ఈ చిన్న పట్టును అశ్రద్ధ చేయుదురు. అది తలక్రిందుల పని.

అర మిల్లీమీటరు పుల్ల ఇట్టే విరుగును. అందుచే ఒక్కసారిగా లోతునకు దింపక, పావు మిల్లీమీటరు వంతున దింపుచు, రెండున్నర మి.మీ. లోతునకు పదిసార్లు నడపుదురు. ఇరువదిరెండు గాట్లకు రెండువందల ఇరువది నడకలు!

మెడ దిగు గుంట విషయము వేరు. ఇక్కడ 6 మి.మీ. పుల్ల వాడవచ్చును. పుల్ల కేంద్రము గీతకు 3 మి.మీ. లోపలగా నడవవలెనని యంత్రమునకు చెప్పుదురు. కాని పుల్ల అరిగి నిజముగా 5.9 ఉన్నచో గుంట వెడల్పు 0.1 తగ్గి, మెడ దిగదు. తెలిసినవారు మొదట గుంటను కొంచెము ఇరుకుగా కోసి, కొలిచి, లోటుమేర మరల కోయుదురు. దేహపు బయటి వంపులు ఒక మిల్లీమీటరు తప్పినను వినువాడు లేడు, చూచువాడును లేడు.

యంత్రము నిజముగా చేతిని మించునది మెట్లపలక వంపులో. పాత ఫెండర్ గిటారులలో ఈ పలక 184 మి.మీ. వ్యాసార్ధముగల స్తంభపు పైభాగమువలె వంగి ఉండును. 56 మి.మీ. వెడల్పువద్ద నడుమకంటె అంచు సుమారు 2.1 మి.మీ. క్రిందుగా ఉండవలెను. వడ్రంగి వంపు దిమ్మకు గరుకుకాగితము చుట్టి గంటలకొలది రుద్దవలసిన పని ఇది. యంత్రము గుండ్రనిమొన పుల్లతో ప్రక్కప్రక్కన సన్నని చాళ్లు దున్ని ముగించును. గాటు అడుగు కూడ అదే వంపున ఉండునట్లు కోయగలదు.

ఈ పలకకు పేరుపొందిన కలపలలో మన దక్షిణభారతపు జిట్టేగి ఒకటి. ప్రపంచమున ఈ జాతి కలపల వ్యాపారముపై 2017 నుండి అంతర్జాతీయ నియంత్రణ వచ్చినది. తయారైన వాద్యములకు 2019లో సడలింపు ఇచ్చినారు. దీని పొడి ఊపిరికిని చర్మమునకును పడనివారు ఉందురు గనుక ముక్కునకు ముసుగు, యంత్రమునకు పొడి పీల్చు గొట్టము లేనిదే కోయరాదు. నిమిషమునకు ఇరువదివేల చుట్లు తిరుగు పుల్ల దగ్గర కంటికి అద్దములు ఉండవలెను. వ్రేలాడు చేతులున్న చొక్కా కూడదు.

కొయ్య తేమను పీల్చి ఉబ్బునది, ఆరి ముడుచుకొనునది ముఖ్యముగా అడ్డముగానే. పొడవున మార్పు అత్యల్పము. మెట్ల దూరములు పొడవు వెంబడి ఉండుటచే ఋతువు మారినను స్వరస్థానములు చెదరవు. కాని మెడ వెడల్పు తగ్గి, తగ్గని లోహపు మెట్ల కొనలు ఎండాకాలమున అంచులదాటి చేతికి గీరుకొనును. వానిని సన్నని ఆకురాయితో రాచి సరిచేసికొందురు. కోయుటకు ముందు పలకను కొన్ని వారములపాటు వాడుకచోటి గాలిలోనే ఆరనిచ్చినచో ఈ బాధ చాలవరకు తగ్గును.