గడప దాటకముందే సరిహద్దు!

టికెట్టు ఉంది. పాస్‌పోర్టు ఉంది. పెట్టెల బరువూ తూచి చూసుకున్నారు. అయినా విమానం ఎక్కనివ్వకపోవచ్చు. చాలా దేశాలు ఇప్పుడు ప్రయాణికుణ్ని తమ గడ్డ మీద కాలుపెట్టాక కాదు, అతను ఊళ్లో ఉండగానే తనిఖీ చేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాల్సిన ప్రయాణ అనుమతి గురించి ప్రతి తెలుగు కుటుంబమూ తెలుసుకోవాల్సిన సంగతులివి.

శంషాబాద్ విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటర్ ఉద్యోగి మన పాస్‌పోర్టు తీసుకుని కంప్యూటర్ వంక చూసే ఆ కాసేపట్లో పెద్ద తతంగమే నడుస్తుంది. అమెరికా, కెనడా లాంటి దేశాలకు వెళ్లేవారి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఆ దేశపు అధికారులకు చేరతాయి. అనుమతి ఉందని జవాబు వస్తేనే బోర్డింగ్ పాసు చేతికొస్తుంది. లేదంటే అక్కణ్నుంచే ఇంటిదారి. సరైన అనుమతి లేనివారిని తీసుకెళ్తే జరిమానా పడేది విమానయాన సంస్థకే. వెనక్కి తీసుకురావాల్సిన బాధ్యతా దానిదే. అందుకే కౌంటర్ దగ్గర ఎంత బతిమాలినా ఫలితం ఉండదు.

సిడ్నీ నుంచి లండన్ దాకా

ఈ పద్ధతికి దారి వేసింది ఆస్ట్రేలియా. పాస్‌పోర్టులో స్టిక్కరు అంటించే పని లేకుండా, కంప్యూటర్‌లోనే అనుమతి నమోదయ్యే ఈటీఏను 1996లో ప్రవేశపెట్టింది. సిడ్నీ ఒలింపిక్స్‌కు అప్పటికి నాలుగేళ్లుంది. సందర్శకులను త్వరగా, సులువుగా రప్పించుకోవడం ఆనాటి ఉద్దేశం.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆ ఉద్దేశానికి భద్రత తోడైంది. వీసా లేకుండా 90 రోజులు ఉండటానికి అమెరికా కొన్ని దేశాల పౌరులను అనుమతిస్తుంది. అలా వచ్చేవారి గురించి విమానం ఎక్కేదాకా ఆ ప్రభుత్వానికి పెద్దగా ఏమీ తెలిసేది కాదు. ఆ లోటు తీర్చడానికి 2007లో చట్టం చేసి, 2009 జనవరి 12 నుంచి ‘ఎస్టా’ అనే ఆన్‌లైన్ అనుమతిని తప్పనిసరి చేసింది. కెనడా 2016లో, న్యూజిలాండ్ 2019లో, దక్షిణ కొరియా 2021లో అదే బాట పట్టాయి. బ్రిటన్ 2023 నవంబరులో ఖతార్ పౌరులతో మొదలుపెట్టి, 2025లో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఐరోపా దేశాల వారికీ విస్తరించింది. ఇక ఐరోపాలోని 30 దేశాలకు కలిపి ‘ఎటియాస్’ను 2026 చివరి త్రైమాసికంలో మొదలుపెడతామని యూరోపియన్ యూనియన్ ప్రకటించింది.

మన పాస్‌పోర్టుకు ఏది అవసరం?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఎస్టా, బ్రిటన్ ఈటీఏ భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వర్తించవు. మనం ఆ దేశాలకు వెళ్లాలంటే వీసా తీసుకోవాల్సిందే. ‘ఆన్‌లైన్‌లో ఎస్టా ఇప్పిస్తాం, ఇంటర్వ్యూ అక్కర్లేదు’ అని ఎవరైనా చెబితే అది మోసమని అక్కడికక్కడే గ్రహించాలి.

మనకు వర్తించే ఆన్‌లైన్ అనుమతులు వేరే ఉన్నాయి. శ్రీలంక 2012 నుంచి ఈటీఏ అడుగుతోంది. కెన్యా 2024 జనవరిలో వీసా పద్ధతిని ఎత్తేసి ఈటీఏ తెచ్చింది. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి విదేశీయులందరికీ డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి చేసింది. మలేసియా, సింగపూర్‌లకూ ఇలాంటి కార్డులున్నాయి. ఈ మూడింటినీ చేరే తేదీకి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. మూడూ ఉచితమే. అయితే ఇవి వీసాకు బదులు కావు. వీసా అవసరమైన చోట అదీ ఉండాలి, కార్డూ ఉండాలి.

అమెరికా వీసాకూ మొదటి మెట్టు ఆన్‌లైన్ ఫారమే. దాని పేరు డీఎస్-160. కాసేపు కదలిక లేకపోతే పేజీ మూసుకుపోతుంది కాబట్టి, మొదట్లో ఇచ్చే అప్లికేషన్ ఐడీని రాసిపెట్టుకోవాలి. గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలను 2019 నుంచి ఇందులో అడుగుతున్నారు. ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. నెట్ సెంటర్ కుర్రాడో, ఏజెంటో నింపితే ఆ సంగతి అక్కడ చెప్పాలి. ఎవరు నింపినా అందులోని ప్రతి జవాబుకూ పూచీ దరఖాస్తుదారుదే. కావాలని కీలక విషయాన్ని తప్పుగా రాసినట్టు తేలితే అమెరికాలో అడుగుపెట్టే అర్హతే జీవితాంతం పోవచ్చు.

సొంతూరికి రావడానికీ అనుమతే

తెలుగు కుటుంబాలను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది ఎదురు ప్రయాణం. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. డాలస్‌లో పుట్టి అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న పసిబిడ్డ అమ్మమ్మగారి ఊరికి రావాలన్నా, మన చట్టం దృష్టిలో విదేశీ పౌరుడిగానే రావాలి. అందుకు భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు గానీ, భారత వీసా గానీ ఉండాలి. తల్లిదండ్రులిద్దరికీ భారత పాస్‌పోర్టులున్నా బిడ్డకు విడిగా అనుమతి తీసుకోవాల్సిందే.

భారత్ ఆన్‌లైన్ వీసా పద్ధతిని 2014 నవంబరు 27న 43 దేశాల పౌరులకు ప్రారంభించింది. తొలి విడతలో ఎంపికైన తొమ్మిది విమానాశ్రయాల్లో హైదరాబాద్ ఒకటి. మరుసటి ఏడాది దానికి ఈ-టూరిస్ట్ వీసా అని పేరు మార్చారు. కనీసం నాలుగు రోజుల ముందు దరఖాస్తు చేయాలన్నది నిబంధన. నాన్నకు గుండెపోటు వచ్చిందని అర్ధరాత్రి ఫోనొస్తే, ఆ నాలుగు రోజులు ఎంత భారమో పరాయి దేశంలో ఉన్న పిల్లలకే తెలుసు. అలాంటి వేళ భారత కాన్సులేట్లు అత్యవసర వీసా ఇచ్చే ఏర్పాటు ఉంది. అయినా పౌరసత్వం మారిన వెంటనే ఓసీఐ తీసుకోవడం, బిడ్డ పాస్‌పోర్టు చేతికి రాగానే బిడ్డకూ ఓసీఐకి దరఖాస్తు చేయడం అన్నిటికన్నా మేలు.

దారిలో మారే విమానాల సంగతీ చూసుకోవాలి. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవారు లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ దాటకుండా లోపల్లోపలే విమానం మారితే బ్రిటన్ ఈటీఏ అక్కర్లేదు. ఇమిగ్రేషన్ దాటి బయటకు రావాల్సి ఉంటే కావాలి. గ్రీన్ కార్డు ఉన్న భారతీయులకు కెనడా ఈటీఏ అవసరం లేదు. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు రెండూ చూపిస్తే చాలు.

పేరు దగ్గరే పేచీ

మన పేర్లకు పాస్‌పోర్టు గడులతో పొత్తు కుదరదు. ఒకరికి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఒకరికి పేరు చివర చేరుతుంది. ఇంకొకరి పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవారిని అనుమతించబోమని ప్రకటించినప్పుడు గల్ఫ్ బాట పట్టే మనవాళ్లు కంగారు పడ్డారు. రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే చాలని తర్వాత సడలించారు.

ఫారం నింపేటప్పుడు ఆధార్‌లోనో, పదో తరగతి సర్టిఫికెట్‌లోనో ఉన్న పేరును చూడకూడదు. పాస్‌పోర్టులో ఫొటో కింద బాణం గుర్తులతో రెండు వరుసలు కనిపిస్తాయి. యంత్రం చదివేది వాటినే. అక్కడ ఇంటిపేరు, పేరు ఎలా ఉంటే అలాగే రాయాలి. సున్నా, ‘ఓ’ అక్షరం తారుమారైతే అనుమతి వేరే పాస్‌పోర్టు నంబరు మీద నమోదైపోతుంది. పాస్‌పోర్టు మారినా ఎస్టా, ఈటీఏ లాంటివి మళ్లీ తీసుకోవాలి.

నకిలీ వెబ్‌సైట్ల వల

గూగుల్‌లో వెతగ్గానే పైన కనిపించేవి చాలాసార్లు ప్రకటనలు. ప్రభుత్వ జెండాలు, రాజముద్రలాంటి బొమ్మలు పెట్టుకుని అసలు రుసుముకు ఎన్నో రెట్లు గుంజే సైట్లు వాటిలో ఉంటాయి. పోయేది డబ్బొక్కటే కాదు. పాస్‌పోర్టు ప్రతి, ఫొటో, చిరునామా ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో పడతాయి. వెబ్ చిరునామా చివర చూస్తే తేడా తెలుస్తుంది. అమెరికాదైతే డాట్ గవ్, బ్రిటన్‌దైతే గవ్ డాట్ యూకే, భారత్‌దైతే గవ్ డాట్ ఇన్ అని ముగుస్తుంది.

బయలుదేరే ముందు

• పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలకు పైగా ఉందో లేదో చూడండి.

• గమ్యస్థానంతో పాటు విమానం మారే దేశాల నిబంధనలూ వాటి ప్రభుత్వ సైట్లలోనే చదవండి.

• అనుమతి వచ్చాకే తిరిగి డబ్బు రాని టికెట్లు కొనండి.

• అనుమతి పత్రాన్ని ముద్రించి, ఫోనులోనూ దాచుకోండి.

• అనుమతి ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదు. దిగాక అధికారి అడిగే ప్రశ్నలకు ఫారంలో రాసిందే చెప్పండి.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది

తమ సరిహద్దును కాపాడుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. కానీ ఆ భారమంతా ఇంగ్లిష్ చదవలేని తల్లిదండ్రుల మీద, జీవితంలో తొలిసారి విమానమెక్కే కూలీ మీద పడటం న్యాయం కాదు. లక్షలాది మంది విదేశాలకు వెళ్లే రాష్ట్రాలు మనవి. ఏ దేశానికి ఏ అనుమతి కావాలో, అసలు వెబ్‌సైట్ ఏదో, రుసుము ఎంతో తెలుగులో ఒక్కచోట చెప్పే ఏర్పాటు రెండు తెలుగు ప్రభుత్వాలూ చేయాలి. మీసేవ కేంద్రాల్లో, పాస్‌పోర్టు కార్యాలయాల్లో ఆ సమాచారం గోడ మీద కనిపించాలి.

అప్పటిదాకా ఈ బాధ్యత ఇంట్లో చదువుకున్న పిల్లలదే. అమ్మానాన్నల ప్రయాణం దగ్గర పడుతుంటే ఫారం ఎవరికో అప్పగించి ఊరుకోకండి. వాళ్ల పక్కన కూర్చుని, ప్రతి ప్రశ్నా తెలుగులో చదివి వినిపించి, వాళ్లు చెప్పిన జవాబే నింపండి. పంపేముందు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం మరోసారి సరిచూడండి.