ఇనుము అల్యూమినియం వేషం కడితే

మడివాళలో ఉంటూ డిగ్రీ కెమిస్ట్రీ చదువుతున్న ఒక పాఠకురాలు అడిగారు: ‘మూలకం గుణాలన్నీ ఎలక్ట్రాన్ విన్యాసాన్ని బట్టే అంటారు. ఇనుము నుంచి 13 ఎలక్ట్రాన్లు లాగేస్తే మిగిలేది అల్యూమినియం విన్యాసమే. మరి అది అల్యూమినియం అయిపోతుందా?’

అవదు. కేంద్రకంలో 26 ప్రోటాన్లు ఉన్నంతకాలం అది ఇనుమే. జవాబు అంతే. కానీ ఖగోళ శాస్త్రవేత్తలను డెబ్భై ఏళ్లు తిప్పలు పెట్టిన చిక్కుముడి సరిగ్గా ఇక్కడే ఉంది. పైగా అలాంటి ఇనుమును చూసే పరికరాన్ని రూపొందించిన భారత ఖగోళ భౌతిక సంస్థ ఆమెకు పక్కనే, కోరమంగలలో ఉంది.

ఆ చిక్కుముడి కథ ఒక గ్రహణంతో మొదలవుతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచి చూశాడు. సూర్యుడి వర్ణపటంలో ఆ ఏడాది కనిపించిన ఒక పసుపు గీత తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. అదే హీలియం. (గుంటూరులోనే దొరికిందని మనం మురిసిపోతాం గానీ, కొత్త మూలకమని వాదించిన ఘనత లండన్‌లోని శాస్త్రవేత్త లాకియర్‌ది.) మరుసటి ఏడాది గ్రహణంలో ఖగోళ శాస్త్రవేత్తలు యంగ్, హార్క్‌నెస్‌లు సూర్యుడి చుట్టూ ఉండే పలచని వాయు పొర కరోనాలో ఒక ఆకుపచ్చ గీతను పట్టారు: 530.3 నానోమీటర్లు. దీని వెనకా కొత్త మూలకమే ఉందనుకుని ‘కరోనియం’ అన్నారు. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సేకి భూమ్మీదే హీలియం దొరకడంతో ఆ ధీమా ఇంకా పెరిగింది. మెండెలీవ్ అంతటివాడు హైడ్రోజన్ కన్నా తేలికైన మూలకంగా దానికి ఆవర్తన పట్టికలో చోటు వెతికాడు!

అసలు దొంగ ఇనుము. దాని ఎలక్ట్రాన్లు 2, 8, 14, 2. మొదటిదాన్ని లాగడానికి 7.9 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. పదమూడోదానికి దాదాపు 361 కావాలి. ఎలక్ట్రాన్లు పోయేకొద్దీ కేంద్రకం లాగుడుకు అవి అడ్డం కట్టే తెర పలచబడుతుంది, ప్రోటాన్లు మాత్రం 26కి 26 అలాగే ఉంటాయి, మిగిలినవాటి మీద పట్టు బిగుస్తుంది. సోడియం నుంచి ఆర్గాన్ దాకా అయనీకరణ శక్తి మొత్తం మీద పెరుగుతూ పోవడానికీ కారణం ఈ పట్టే.

చివరికి 3పి ఉపస్థాయిలో ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటి మిగులుతుంది. దాని స్పిన్‌కు కక్ష్యా చలనంతో రెండు రకాల పొందిక కుదురుతుంది. ఆ రెంటి శక్తుల్లో కాస్త తేడా ఉంటుంది. అల్యూమినియంలో ఆ తేడా ఎంత చిన్నదంటే, దాని కాంతి 89 మైక్రోమీటర్ల దగ్గర, కంటికి కనపడని పరారుణంలో పడుతుంది. అక్కడ 13 ప్రోటాన్లకు 12 ఎలక్ట్రాన్లు అడ్డు. ఇక్కడా అడ్డు 12 మందే, లాగేవాళ్లు 26 మంది. తేడా దాదాపు 170 రెట్లు పెరిగి ఆకుపచ్చలోకి వచ్చేసింది. విన్యాసం అదే, రంగు వేరు.

ఇంకో తమాషా. ఈ కాంతి వెలువడాలంటే అయాన్ సగటున సెకనులో అరవయ్యో వంతు సేపు దేనితోనూ ఢీకొనకుండా ఉండాలి. పరమాణువుల లెక్కలో అది యుగం. మామూలు దీపంలోని వాయువులో అంతలోపే పక్కవాటితో ఢీకొని ఆ శక్తి పోతుంది. కరోనా అతి పలచన కాబట్టి ఢీకొనేవాళ్లు తక్కువ. అందుకే అప్పట్లో ప్రయోగశాలలో ఎవరికీ ఈ గీత దొరకలేదు. 1939లో ఖగోళ శాస్త్రవేత్త గ్రోట్రియన్ దారి చూపితే, స్వీడన్‌కు చెందిన ఎడ్లెన్ 1940ల మొదట్లో లెక్క తేల్చాడు. కానీ 13 ఎలక్ట్రాన్లు ఊడాలంటే కరోనా సుమారు 20 లక్షల డిగ్రీలు ఉండాలి. సూర్యుడి ఉపరితలమేమో 5,500 దగ్గరే! ఆ వేడి ఎలా పుడుతోందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి సూర్యుణ్ని గమనించడానికి వెళ్లిన ఆదిత్య-ఎల్1లో కోరమంగల సంస్థ రూపొందించిన ఆ పరికరం, కరోనాగ్రాఫ్, గమనించే గీతల్లో ఈ 530.3 ఒకటి. ఉపగ్రహాలను సౌర తుపానుల నుంచి కాపాడుకోవడానికే ఇదంతా అని పత్రికలు రాశాయి. అదీ నిజమే, కాదనను. ఆకుపచ్చ గీత ఊసు మాత్రం నా కంట పడలేదు.