మాగ్నెటో ఇంజనులో నిప్పురవ్వ పుట్టనప్పుడు

ఎంత త్రిప్పినను పాత ట్రాక్టరు పలుకకున్నచో రైతులు మాగ్నెటోను ఊడదీసి పట్టణమునకు బంపుదురు. అది తిరిగి వచ్చులోపల పదును ఆరిపోవును. పెక్కుమారులు దోషము మాగ్నెటోలో గాక, ప్లగ్గులోనో తీగలోనో యుండును.

1929 మొదలు 1945 వఱకు తయారైన ఫోర్డుసన్ ‘ఎన్’ రకమును ఉదాహరణముగ గైకొందము. దీనిని పెట్రోలుతో మొదలిడి, వేడెక్కిన పిమ్మట కిరసనాయిలునకు మార్చవలెను. రవ్వకు బ్యాటరీ అక్కఱలేదు. 1902లో జర్మనీయందు బాష్ కార్ఖానాలో హోనోల్డు అను ఇంజనీరు సిద్ధపఱచిన మాగ్నెటో పద్ధతియే దీనికిని ఆధారము. అయస్కాంతముచే తీగచుట్టలో విద్యుత్తు పుట్టును. అది హెచ్చుగ నున్న క్షణమున పాయింట్లు విడివడును. ఆ తెగుటచే పైచుట్టలో వేలకొలది వోల్టులు లేచి ప్లగ్గు కొనల నడుమ రవ్వ దుముకును.

హ్యాండిలు పట్టునపుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి, క్రిందినుండి పైకి లాగవలెను. పైనుండి అదుమువానికి, ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విఱుగును.

ఇక పరీక్ష. పెట్రోలు కుళాయి కట్టి, చిందినదానిని తుడిచి, ప్లగ్గును ఊడదీసి, తీగ తగిలించి, రంధ్రమునకు దూరముగ ఇంజను లోహముపై పరుండబెట్టుడు. ఒకరు త్రిప్పగా వేఱొకరు నీడలో చూడవలెను, చేతితో పట్టుకొనరాదు. నీలిరవ్వ దుమికినచో మాగ్నెటో పనిచేయుచున్నది. అయినను ప్లగ్గు మంచిదని అంతటితో నమ్మరాదు. సిలిండరులోని ఒత్తిడియందు రవ్వ దుముకుట మఱింత కష్టము. క్రొత్త ప్లగ్గు పెట్టి చూచుటయే సులభోపాయము. అప్పటికిని కదలనిచో నూనెదారి వెదకుడు.

ప్లగ్గు మసిబాఱుటకు ముఖ్యకారణము తొందర. ఇంజను కాగకముందే కిరసనాయిలునకు మార్చువారు పెట్రోలులో మిగిల్చిన అణాలను ప్లగ్గులకు ధారపోయుచున్నారని మా యభిప్రాయము.

ఏ ప్లగ్గునను రవ్వ లేనిచో, మొదట ఇంజను నాపు సన్నతీగను మాగ్నెటోనుండి విప్పి చూడుడు. ఈ తీగ లోహమునకు తగిలిననే ఇంజను ఆగును. కావున దాని తొడుగు ఒరసికొనిపోయి ఎచ్చటనైన ఇంజనునకు తగిలినచో, నిక్షేపమువంటి మాగ్నెటోయు చచ్చినట్లుండును. ఇది విప్పి నడిపినపుడు ఇంజను నాపుటకు నూనె కుళాయి కట్టవలసియుండును.

తరువాత మూత తీసి లోపలి తేమను పొడిగుడ్డతో తుడువుడు. పాయింట్లపై నూనెయున్నచో పెట్రోలులో తడిపిన గుడ్డతో తుడిచి ఆరనిండు. వాని యెడము ఇట్టి మాగ్నెటోలు పెక్కింటికి అంగుళములో వెయ్యింట 12 వంతులు. పాయింట్లు మాటిమాటికి కాలి గుంటలుపడుచున్నచో కండెన్సరు చెడినదేమో యని అనుమానింపవలెను. అది పనివాని వంతు.

తీగలను విప్పుటకు ముందే గుర్తులు పెట్టుకొనుడు. ఈ ఇంజనులో సిలిండరులు అంటుకొను వరుస 1, 2, 4, 3. పాత లాడపు అయస్కాంతమును మాత్రము విప్పకుడు; కొనల నడుమ ఇనుపబద్ద పెట్టకుండ నుంచినచో దాని బలము తగ్గును.