కెమెరా ఆపవద్దు!

ఉయెదా షిన్‌ఇచిరో 2017లో తీసిన జపాను చిత్రం 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' చూస్తూ పావుగంటకే లేవబోయాను. శవాల సినిమా తీసేవారి మీదికి నిజం శవాలే లేచి వస్తాయి. నటులకు మాట తోచదు, కెమెరా నేల మీద పడి ఉంటుంది.

"కూర్చోండి నాన్నగారూ, నా నాటకం నుంచీ ఇలాగే లేచిపోయారు," అంది మా అమ్మాయి.

ఆ 37 నిమిషాలూ ఒకే షాటు. తరువాత తెర వెనుక సంగతి: అదంతా టెలివిజన్ ప్రత్యక్ష ప్రసారమట! ఒకడు తప్పతాగాడు, ఒకడికి కడుపునొప్పి. మనం తప్పులనుకొన్నవన్నీ ఆట ఆగకుండా వాళ్లు పడిన పాట్లు. (చిత్రానికి ఖర్చు సుమారు 30 లక్షల యెన్‌లు, రాబడి 300 కోట్ల పైమాట.) చివర క్రేను విరిగితే మనుషులే పిరమిడ్‌గా నిలుస్తారు, పైన, కథలోని దర్శకుడి భుజాల మీద, కెమెరా పట్టుకొని అతని కూతురు.

"మళ్లీ ఎప్పుడమ్మా నీ నాటకం?" అన్నాను, తెర వైపే చూస్తూ.