అడిగే మనిషిని బట్టే జవాబు

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే రోగి చేతికి ఒక కాగితం ఇస్తారు. వైద్యం ఎలా ఉంది, సిబ్బంది ఎలా చూసుకున్నారు, భోజనం ఎలా ఉంది అని నాలుగైదు ప్రశ్నలు, వాటి ఎదురుగా గళ్ళు ఉంటాయి. చాలామంది 'బాగుంది' దగ్గర టిక్కు పెట్టి బస్సు వేళకు బయటపడతారు. మోకాలి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ విషయంలో ఆ టిక్కుకు ఎంతో కొంత విలువ ఉండొచ్చు. మానసిక వైద్యం తీసుకున్నవాళ్ళ విషయంలో మాత్రం దాన్ని నమ్మడం కష్టం. వచ్చే నెల మాత్రల కోసం ఆ మనిషి మళ్ళీ అదే కిటికీ ముందు నిలబడాలి. జబ్బు తిరగబెడితే అదే వార్డులో పడుకోవాలి. తనను లోపల ఉంచాలా, ఇంటికి పంపాలా అన్నది ఎవరి సంతకం మీద ఆధారపడి ఉంటుందో, వాళ్ళ మనుషులే వచ్చి 'ఎలా ఉంది' అని అడిగితే 'బాగుంది' అనక ఏమంటాడు? మానసిక వైద్యసేవల మంచిచెడ్డలు తెలియాలంటే వాటిని పొందినవాళ్ళను పదిమందిలోపు బృందంగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఆ మాటలు నడిపేది కూడా ఎప్పుడో ఒకప్పుడు అదే వైద్యం తీసుకున్న మనిషై ఉండాలి. మొదటి సంగతికి మన దగ్గర పెద్దగా అభ్యంతరం ఉండదు. రెండోదానికే తల అడ్డంగా ఊపుతారు.

ఆ రెండోదే ఎందుకు ముఖ్యమో చెప్పడానికి మంచి ఆధారం ఉంది. జనం షాక్ ట్రీట్‌మెంట్ అని పిలిచే ఈసీటీ గురించి రోగులు ఏమనుకుంటున్నారో తేల్చడానికి లండన్ పరిశోధకురాలు డయానా రోజ్, ఆమె సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూశారు. వాళ్ళ సమీక్ష 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. రోజ్ స్వయంగా మానసిక వైద్యసేవలు పొందిన మనిషి, ఆ సంగతి దాచుకోకుండా పరిశోధన చేసినావిడ. డాక్టర్లు చేసిన అధ్యయనాల్లో రోగుల సంతృప్తి ఎక్కువగా కనిపించింది. రోగులే నడిపిన, లేదా రోగులను కలుపుకొని చేసిన అధ్యయనాల్లో తక్కువగా కనిపించింది. వైద్యం ఒకటే, జబ్బులూ అవే. తేడా అల్లా ఎవరు అడిగారు, ఎక్కడ అడిగారు, ఎప్పుడు అడిగారు అన్న దగ్గరే. చికిత్స అయిన కొద్దిరోజులకే, ఆసుపత్రిలోనే, చికిత్స చేసిన డాక్టరే నాలుగు ప్రశ్నలు అడిగి ముగిస్తే అంతా బాగున్నట్టు తేలుతుంది. తీరిక మీద అడిగితే మరిచిపోయిన పెళ్ళిళ్ళు, గుర్తురాని పిల్లల చిన్నతనాలు బయటికొస్తాయి. కనీసం మూడోవంతు మంది జ్ఞాపకాల నష్టం చాలాకాలం కొనసాగిందని చెప్పారని ఆ సమీక్ష లెక్కగట్టింది. ఈసీటీ చెడ్డదని చెప్పడం నా ఉద్దేశం కాదు, తీవ్రమైన కుంగుబాటులో అది ప్రాణాలు నిలబెడుతుంది. ఎవరు అడుగుతున్నారన్న దాని గురించి, రోజ్ సమీక్షకు ముందు ఏడాది అదే పత్రికలో సింప్సన్, హౌస్ ప్రచురించిన మరో సమీక్ష కూడా ఇలాగే చెప్పింది. అడిగేది తమలాంటి మనిషే అయినప్పుడు జనం అసంతృప్తిని దాచుకోరు.

అలాంటప్పుడు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగితే సరిపోదా, బృందం ఎందుకు అనొచ్చు. మానసిక వైద్యంలో ఒంటరిగా ఉన్న రోగికి ఏది జబ్బు లక్షణమో, ఏది మందు ప్రభావమో, ఏది ఆసుపత్రి తప్పో విడదీసి చూసుకునే వీలుండదు. ఓలాంజపిన్ వాడుతూ లావెక్కిన అమ్మాయి అది తన తిండియావ అనుకుంటుంది. క్లోజపిన్ వాడుతున్న అబ్బాయి రాత్రి లాలాజలంతో తడిసిన దిండును తల్లి కంటపడకుండా దాచుకుంటాడు. లిథియం వేసుకునే మనిషి చెయ్యి వణికి టీ గ్లాసు తొణికితే నలుగురిలో టీ తాగడమే మానేస్తాడు. వీళ్ళలో ఏ ఒక్కరూ ఇది ఫిర్యాదు చేయదగ్గ విషయమని అనుకోరు. ఒకే గదిలో ఒకరు నోరు విప్పితే మిగతావాళ్ళు 'నాకూ అంతే' అంటారు. అప్పటిదాకా సొంత లోపం అనుకున్నది, మందు రాసేటప్పుడు ఎవరూ ముందుగా చెప్పని సంగతిగా తేలుతుంది. ఆ మాట ఆసుపత్రికి చాలా అవసరం. ఎందుకంటే చెప్పకుండా మాత్రలు ఆపేయడానికి ఇదో పెద్ద కారణం.

నడిపే తీరు మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆరుగురి నుంచి ఎనిమిదిమంది, గంటన్నర సమయం. రాత్రి మాత్రల మత్తు ఉదయం దాకా వదలదు కాబట్టి పదకొండు గంటల తర్వాత మొదలుపెట్టడం మంచిది. వార్డులో కాకుండా వేరే గదిలో, బల్ల అడ్డం లేకుండా గుండ్రంగా కుర్చీలు వెయ్యాలి. తెల్లకోటు గదిలోకి రాకూడదు, సూపరింటెండెంటు 'ఒక్క నిమిషం పలకరించి పోతాను' అన్నా సరే. కూలి పని మానుకుని వచ్చినవాళ్ళకు దారిఖర్చులు, ఆ రోజు కూలి ఇవ్వాలి. ఇవ్వకపోతే తీరిక ఉన్నవాళ్ళ అభిప్రాయమే అందరి అభిప్రాయంగా చలామణి అవుతుంది. కుటుంబసభ్యులకు వేరే రోజు పెట్టాలి. అక్క పక్కన కూర్చుంటే తమ్ముడి తరఫున అక్కే మాట్లాడుతుంది, పైగా ప్రేమగానే మాట్లాడుతుంది. ఇక ప్రశ్న విషయానికొస్తే, 'సేవలు నచ్చాయా' అని అడిగితే కాగితం మీద గడి నింపినట్టే ఉంటుంది. 'మొదటిసారి వచ్చిన రోజు గేటు దగ్గర నుంచి డాక్టరు గది దాకా ఏం జరిగిందో చెప్పండి' అంటే ఓపీ చీటీ కోసం నిలబడ్డ లైను, తనను అడగాల్సినవన్నీ వెంట వచ్చినవాళ్ళను అడిగిన డాక్టరు, పేరుతో కాకుండా జబ్బుతో పిలిచిన అటెండరు, అందరూ వరసగా వస్తారు. చెప్పినవాటిని పేర్లు లేకుండా చార్టు మీద రాసి, చివర్లో చదివి వినిపించి, 'మీరన్నది ఇదేనా' అని అడగాలి. మధ్యలో ఎవరికైనా గుండె బరువెక్కితే బయటికి వెళ్ళి కూర్చోవడానికి చోటు, పక్కన కూర్చోవడానికి ఒక మనిషి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైనది నెల తర్వాత జరిగే రెండో సమావేశం. చెప్పినవాటిలో ఏం మార్చారు, ఏం మార్చలేకపోయారు, ఎందుకు మార్చలేదు అన్నది అదే మనుషులకు చెప్పాలి. ఈ రెండోది పెట్టే ఉద్దేశం లేని ఆసుపత్రి మొదటిది కూడా పెట్టకపోవడం మర్యాద.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం పాతదే: మతి స్థిమితం లేనివాళ్ళ మాట ఎలా నమ్మడం? మానసిక జబ్బు ఇరవైనాలుగు గంటలూ, జీవితాంతం ఒకే తీవ్రతతో ఉండదు. జబ్బు ముదిరి ఉన్నవాళ్ళను సమావేశానికి ఎవరూ పిలవరు. చెవుల్లో మాటలు వినిపించే రోజుల్లో కూడా చేతులు కట్టేసిన తాడు నిజమైన తాడే, అది గుర్తుంటుంది. ఒకరికొకరు పరిచయం లేని ఐదుగురు ఒకే అటెండరు గురించి ఒకే మాట చెబితే దాన్ని భ్రమ అనడానికి వీల్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, విషయాన్ని అర్థం చేసుకోగలిగినంత వరకు తన వైద్యం గురించి నిర్ణయించుకునే సామర్థ్యం రోగికి ఉన్నట్టే భావించాలంది. సేవల్లో లోపాలపై ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థల్లో జబ్బు అనుభవించినవాళ్ళ ప్రతినిధులు ఇద్దరికి స్థానం కల్పించింది. తన వైద్యం గురించి నిర్ణయించుకోగలడని చట్టం నమ్మిన మనిషి, ఆ వైద్యం ఎలా జరిగిందో చెప్పలేడనడం పొసగదు.

లక్షమంది జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అన్నది రెండో అభ్యంతరం. అసలు ఈ పనికి సైకియాట్రిస్టు అక్కర్లేదు, ఉండకూడదనే కదా చెబుతున్నది. కావలసింది శిక్షణ పొందిన ఒకరిద్దరు పాత రోగులు, వాళ్ళకు గౌరవంగా ఇచ్చే వేతనం, మంచినీళ్ళు, టీ. గుజరాత్‌లోని ఆరు ప్రభుత్వ మానసిక వైద్యకేంద్రాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'క్వాలిటీరైట్స్' కార్యక్రమం అమలైంది. సిబ్బందికి శిక్షణ, రోగుల బృందాలు, జబ్బు నుంచి కోలుకున్నవాళ్ళ తోడ్పాటు అందులో భాగాలు. కార్యక్రమం లేని మూడు కేంద్రాలతో పోల్చి చూస్తే ఏడాదిలో సేవల నాణ్యత మెరుగుపడింది, రోగుల పట్ల సిబ్బంది వైఖరి బాగా మారింది, తమ మాటకు విలువ పెరిగిందని రోగులు చెప్పారు. ఇందులో బృంద సమావేశాల వాటా ఎంతో విడిగా తేల్చలేం. కానీ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటివి సాధ్యం కావు అనే వాదన మాత్రం అక్కడ నిలవలేదు.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 'కోర్' పేరుతో ఒక పెద్ద పరీక్ష జరిగింది. రోగులు, కుటుంబాలు, సిబ్బంది కలిసి కూర్చుని సేవలను సరిదిద్దితే రోగులు మరింతగా కోలుకుంటారా అని చూశారు. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ ఫలితాన్ని పక్కకు నెట్టడం నిజాయితీ కాదు. బృంద సమావేశం స్కిజోఫ్రీనియాకు మందు కాదు, అలా ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ ఓపీ గదిలో నలుగురి ఎదుట ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం ఆపాలా వద్దా అన్నది తేల్చడానికి కోలుకున్న శాతాలు అవసరం లేదు. భోజనంలో పురుగులు వస్తున్నాయని తెలిస్తే, అది సరిచేస్తే జబ్బు తగ్గుతుందా అని ఎవరూ అడగరు కదా.

మానసిక వైద్యశాలలున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లను ఇంకా ఎగతాళికి వాడుకునే మన రెండు రాష్ట్రాల్లో పాత రోగులు పదిమందిలో కూర్చుని మాట్లాడటానికి జంకుతారన్నది నిజమే. అందుకే బలవంతం చేయకూడదు. రానివాళ్ళకు విడిగా మాట్లాడే వీలు ఉంచాలి. ఒకరి మాట గది దాటకూడదన్న నియమాన్ని మొదటి ఐదు నిమిషాల్లోనే అందరి చేతా ఒప్పించాలి. మీ ఇంట్లో ఎవరైనా మానసిక వైద్యం తీసుకుంటుంటే, ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: గత ఏడాది రోగులు చెప్పినదాన్ని బట్టి ఇక్కడ ఏం మార్చారు? జవాబు లేకపోతే ఇలాంటి బృంద సమావేశం పెట్టమని రాతపూర్వకంగా కోరండి, దాన్ని నడిపేది పాత రోగే కావాలని కూడా ఆ కాగితంలో రాయండి.