గాలి కరెంటును నీళ్లలో దాచొచ్చా? కొండ మీది రిజర్వాయర్లతో ఏం చేస్తారంటే..

అర్ధరాత్రి గాలి జోరుగా వీస్తుంది. గాలిమరలు గిరగిరా తిరుగుతాయి. కానీ ఆ టైమ్‌లో కరెంటు వాడేవాళ్లు తక్కువ. అదే సాయంత్రం 7 గంటలకు ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు అన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. అప్పటికి సోలార్ ప్లాంట్ల పని అయిపోతుంది. గాలి వస్తుందో రాదో చెప్పలేం. అసలు తలనొప్పి ఇక్కడే ఉంది. గ్రిడ్‌లో ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణం సమానంగా ఉండాలి. మిగిలిన కరెంటును నిల్వ చేసే ఏర్పాటు లేకపోతే గాలిమరలను ఆపేయడమే దారి.

పైగా గాలి లెక్క చాలా విచిత్రం. వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఏకంగా 8 రెట్లవుతుంది. సగానికి పడిపోతే ఎనిమిదో వంతే మిగులుతుంది. అనంతపురం, కర్నూలు వైపు గాలిమరలకు జూన్ నుంచి సెప్టెంబరు దాకానే అసలైన సీజన్.

మరి పరిష్కారం? పంప్డ్ స్టోరేజ్. పైన ఒక రిజర్వాయర్, కింద ఇంకొకటి. కరెంటు మిగిలినప్పుడు నీళ్లను పైకి తోడతారు, డిమాండ్ పెరగగానే కిందకు వదిలి టర్బైన్లు తిప్పుతారు. నిమిషాల్లోనే ఉత్పత్తి మొదలవుతుంది. అయితే నీళ్లు బోలెడు కావాలి. వంద మీటర్ల ఎత్తు నుంచి ఒక్క యూనిట్ తీయాలంటే సుమారు 4 వేల లీటర్లు.. అంటే దాదాపు ఓ చిన్న వాటర్ ట్యాంకర్ పడాల్సిందే!

ఇది మనకు కొత్తేం కాదు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 6 యూనిట్లు (ఒక్కొక్కటి 150 మెగావాట్లు), నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలోని 8 యూనిట్లలో 7 ఇలా రెండు వైపులా తిరిగేవే. కాకపోతే తోడాలంటే కింద నీళ్లుండాలిగా! సాగర్‌లో మట్టం బాగా పడిపోతే శ్రీశైలానికి తోడటం కుదరదు.

అందుకే ఇప్పుడు నదికి దూరంగా, కొండల మధ్య కడుతున్నారు. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో ప్రాజెక్టుకు 2022 మేలో శంకుస్థాపన జరిగింది. సోలార్, విండ్‌తో పాటు 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ అందులో భాగం. ఒక్కసారి నింపితే అవే నీళ్లు పైకీ కిందకీ తిరుగుతుంటాయి. ఆవిరైపోయిన మేరకు మళ్లీ నింపితే చాలు.

నష్టం లేదా అంటే ఉంది. తోడటానికి 100 యూనిట్లు ఖర్చు పెడితే తిరిగొచ్చేది 75 నుంచి 80 మాత్రమే. గాలిమరలను ఊరికే ఆపేయడం కంటే ఇదే నయం. అదే బొగ్గు కరెంటుతో తోడితే మాత్రం గ్రీన్ అన్న మాటకు అర్థం లేదు.

ఇక ఏజెన్సీలో సీన్ వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో ప్రతిపాదించిన ఇలాంటి ప్రాజెక్టులను గిరిజనులు వ్యతిరేకిస్తున్నారు. పోడు భూములు, ఊటగెడ్డలు పోతాయన్నది వాళ్ల భయం. పిన్నాపురం లెక్కలు చూపిస్తే దానికి జవాబు దొరకదు. ఏ గెడ్డ మీద ఏ ఊరు బతుకుతోందో ముందు అక్కడికి వెళ్లి చూడాల్సిందే.