వార్తల్లో పదం: యాక్సిలరేటెడ్ డిగ్రీ

బషీర్‌బాగ్‌లో 1887 నాటి నిజాం కాలేజీ ముందు బస్సు దిగే విద్యార్థికి ఈ లెక్క కొత్తది కాదు: బీఎస్సీ మూడేళ్లు, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ రెండేళ్లు, వెరసి అయిదు. ఈ కాలాన్ని కుదించే దారుల్లో ఒకటి ‘యాక్సిలరేటెడ్ డిగ్రీ’.

ఇందులో సిలబస్ తగ్గదు, క్రెడిట్లూ తగ్గవు. ఒక్కో సెమిస్టర్‌లో అదనపు క్రెడిట్లు తీసుకుని ముందే ముగిస్తారు. యూజీసీ 2024 చివర్లో ఆమోదించిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీని 5 సెమిస్టర్లలో, నాలుగేళ్ల డిగ్రీని 6 లేదా 7 సెమిస్టర్లలో పూర్తిచేయొచ్చు. మొదటి లేదా రెండో సెమిస్టర్ చివర కమిటీ ఎంపిక చేస్తుంది. సీట్లలో 10 శాతం వరకే దీనికి కేటాయించవచ్చు. పట్టా విలువ మామూలు డిగ్రీతో సమానమే.

పీజీ వైపు మరో వెసులుబాటు ఉంది. జాతీయ విద్యా విధానం 2020 కింద నాలుగేళ్ల డిగ్రీ చదివినవారికి ఏడాది పీజీ చాలు. అమెరికాలో ‘ఫోర్ ప్లస్ వన్’ అనేది దీనికి దగ్గరి చుట్టం. అక్కడ డిగ్రీలో ఉండగానే చదివిన కొన్ని కోర్సులు రెండు పట్టాలకూ లెక్కకొస్తాయి.

బయోకెమిస్ట్రీకి ఈ తొందర అంతగా నప్పదని నా అనుమానం. థియరీని రాత్రుళ్లు కూర్చుని లాగించొచ్చు, ల్యాబులో ఎంజైమ్ మన మాట వినదు. మన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు సహశాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ పరీక్ష నేర్చుకోవాలన్నా చెయ్యి తిరగాల్సిందే.

యాక్సిలరేటెడ్ డిగ్రీ విధానం కాలేజీలకు తప్పనిసరి కాదు. చేరేముందే అడిగి తెలుసుకోండి.